వైద్యం ఖర్చు ఎవరు పెట్టాలి? ఆసుపత్రి ఎవరు నడపాలి?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను డాక్టరును కాను. 1974లో ఎల్.డి.సి.గా చేరి 2009లో సీనియర్ అసిస్టెంటుగా దిగినవాడిని. ప్రమోషను మాత్రం నాకంటే చాలా ముందే రిటైరయింది. అయితే ఆ ముప్ఫయ్యయిదేళ్లలో పన్నెండేళ్లపాటు నా సీటు మెడికల్ బిల్లుల సీటు. ఎవరికి ఏ జబ్బు చేసింది, ఎక్కడ చేరారు, ఎంతయింది, ఎంత మంజూరయింది అన్నది నా బల్లమీదుగానే పోయింది. రోగాన్ని గురించి నాకు తెలిసింది తక్కువ. రోగం ఖరీదు గురించి మాత్రం కొంత తెలుసు. ఆ అధికారంతోనే ఈ నాలుగు మాటలు.

మన సంఘంలో ఈ విషయంమీద రెండు పక్షాలున్నాయన్నది బహిరంగ రహస్యమే. "ప్రభుత్వాసుపత్రుల సంగతి మనకెందుకండీ, హెల్తు కార్డు చూపిస్తే ఏ కార్పొరేటు ఆసుపత్రి అయినా నోరెత్తకుండా చేర్చుకునేటట్లు చేయించండి, అంతే చాలు" అనేవారు ఒక పక్షం. "డబ్బంతా ప్రైవేటువారికి పోస్తే పెద్దాసుపత్రి ఎట్లా బాగుపడుతుంది, ముందు దాన్ని బాగుచేయమని అడుగుదాం" అనేవారు రెండో పక్షం. గత సంవత్సరం మెమొరాండం రాసేటప్పుడు ఈ ఒక్క పేరా దగ్గర గంటన్నర గొడవ జరిగింది. టీ రెండుసార్లు తెప్పించవలసి వచ్చింది. చివరకు ఆ పేరా తీసేసి మిగతాది పంపించాం. ఈసారి అట్లా తీసేయకుండా ఏదో ఒకటి రాయాలన్నది నా కోరిక.

కొంచెం వెనక్కి వెళ్దాం. దేశానికి స్వాతంత్ర్యం రాకముందే, 1943లో, సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. 1946లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేడన్న కారణంగా ఏ ఒక్కరికీ తగిన వైద్యం అందకుండా పోకూడదన్నది అందులో ముఖ్యమైన సూత్రం. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పునాది ఆ నివేదికే. రెండేళ్ల తర్వాత, 1948 జూలై 5న, ఇంగ్లండులో జాతీయ ఆరోగ్య సర్వీసు మొదలయింది. అక్కడ పన్నుల డబ్బుతో అందరికీ ఒకే ఆసుపత్రి. మన దేశంలో అదే సంవత్సరం కార్మికులకు ఇ.ఎస్.ఐ. చట్టం, 1954లో కేంద్ర ఉద్యోగులకు సి.జి.హెచ్.ఎస్. వచ్చాయి. అంటే మనవాళ్లు అందరికీ ఒకటి అనకుండా, వర్గానికొకటి ఏర్పాటు చేసుకుంటూ వచ్చారు. మన రాష్ట్ర ఉద్యోగులకు 1972 నాటి సమగ్ర వైద్య హాజరీ నియమాలు ఆధారం. సర్వీసులో ఉండగా అందరూ ఆ పుస్తకాన్ని తిట్టినవాళ్లే, బిల్లు పెట్టవలసి వచ్చినప్పుడు వెతుక్కున్నవాళ్లే.

మా చిన్నతనంలో పెద్ద జబ్బు అంటే పెద్దాసుపత్రే. విశాఖపట్నంలో 1923 నాటి కింగ్ జార్జి, మూసీ ఒడ్డున ఉస్మానియా, ఇటు గుంటూరు, కర్నూలు, కాకినాడ. కలెక్టరాఫీసు బంట్రోతుకు, శిరస్తాదారుకు, ఆ మాటకొస్తే ఆర్.డి.ఓ.గారి తల్లిగారికి కూడా అదే ఆసుపత్రి. ఇందువల్ల ఒక మేలు ఉండేది. శిరస్తాదారుగారి తల్లికి మంచం విరిగిపోయి ఉంటే ఆ మంచం మర్నాడు బాగయ్యేది. ఆమె డిశ్చార్జి అయ్యాక కూలివాడికి దొరికేది కూడా ఆ బాగుచేసిన మంచమే.

1980లలో పెద్ద పట్టణాలకు కార్పొరేటు ఆసుపత్రులు వచ్చాయి. మొదట్లో మన బిల్లుల పద్ధతి ఏమిటంటే, ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ చికిత్స లేదని అక్కడి పెద్ద డాక్టరుగారు రెఫరల్ చీటీ రాసి ఇస్తేనే బయట చేరాలి. క్రమేణా గుర్తింపు పొందిన ప్రైవేటు ఆసుపత్రుల జాబితా అంటూ జీవోలు వచ్చాయి, ఆ జాబితా సంవత్సరానికి సంవత్సరం పొడుగయింది. నా సీటులో కూర్చుని చూసినది ఇది: తొలి సంవత్సరాల్లో ఫైళ్లలో ఎక్కువ భాగం ప్రభుత్వ ఆసుపత్రి మందుల చీటీలు, బయట కొన్న ఇంజెక్షన్ల రశీదులు. నేను సీటు వదిలేనాటికి ఎక్కువ భాగం రంగురంగుల అట్టల మధ్య కుట్టిన ప్రైవేటు బిల్లులు. అధికారులు, గుమాస్తాలు, టీచర్లు, ఫైలుమీద సంతకం పెట్టగలిగినవారంతా ఒక్కొక్కరే పెద్దాసుపత్రి వరండా దిగిపోయారు. దిగిపోయినందుకు వారిని తప్పుపట్టను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా నమ్మకం ఉన్నచోటికే పోతారు. కాని విరిగిన మంచం గురించి అడిగేవాడు లేకుండా పోయాడన్నది వాస్తవం.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయింది. తెల్లకార్డు కుటుంబంలో గుండె ఆపరేషను అంటే అంతవరకు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవడమే దారి. ఆరోగ్యశ్రీ ఆ దేబిరింపును తప్పించింది. అది చిన్న సంగతి కాదు. మా వీధిలో ఇస్త్రీ చేసే మనిషి గుండెకు ఆపరేషను చేయించుకుని ఈనాటికీ ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడ్డాడంటే దానివల్లనే. ఆ పథకం పేర్లు ప్రభుత్వంతోపాటు మారుతూ వచ్చాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్యసేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. మనకు 2013లో ఉద్యోగుల ఆరోగ్య పథకం, హెల్తు కార్డు వచ్చాయి. 2018 సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు.

ఈ పథకాలన్నిటిలో ఉన్న పద్ధతి ఒకటే. డబ్బు ప్రభుత్వానిది, ఆసుపత్రి చాలాచోట్ల ప్రైవేటువారిది. కాబట్టి ప్రభుత్వ వైద్యమా, ప్రైవేటు వైద్యమా అని మనం పోట్లాడుకుంటున్నాం గాని, నిజానికి ప్రశ్నలు రెండు. ఖర్చు ఎవరు పెట్టాలి అన్నది ఒకటి. ఆసుపత్రి ఎవరు నడపాలి అన్నది రెండోది. మొదటిదానికి జవాబు విషయంలో ఈ హాలులో భేదాభిప్రాయం ఉంటుందనుకోను. ముప్ఫయి అయిదేళ్లు పనిచేసి పింఛనుమీద బతికేవాడు లక్షల బిల్లు జేబులోంచి కట్టలేడు. జాతీయ నమూనా సర్వే వారు 2017-18లో లెక్కతీస్తే, ప్రసవాలు మినహాయించి, ఒకసారి ఆసుపత్రిలో చేరితే దేశంమీద సగటున అయ్యే వైద్యం ఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు. ఏడు రెట్లు. గుండె, కాన్సరు, మోకాళ్లు మొదలైన వాటికి మనవంటివారికయ్యే బిల్లులు ఈ సగటుకు ఎంత పైన ఉంటాయో మీకు తెలియంది కాదు.

గొడవంతా రెండో ప్రశ్న దగ్గరే. నేను బిల్లుల సీటులో నేర్చుకున్న సంగతి ఒకటి ఇక్కడ చెబుతాను. ఏ వస్తువు కొనాలన్నా మన ఆఫీసుల్లో కొటేషన్లు పిలుస్తాం. పిలిచేముందు ఆ వస్తువు ఎంత ఉంటుందో మనకొక అంచనా ఉండాలి, లేకపోతే మూడు కొటేషన్లూ ఒకే దుకాణం నుంచి వస్తాయి. తుంటి ఎముక ఆపరేషనుకు ఎంత ఖర్చవుతుందో ప్రభుత్వానికి ఎట్లా తెలుస్తుంది? తన ఆసుపత్రిలో తాను చేస్తేనే తెలుస్తుంది. తన ఆసుపత్రులు మూతబడ్డ ప్రభుత్వం, వంటరాని ఇంటి యజమాని హోటలువాడితో బేరమాడినట్లు బేరమాడాలి. ఎంత చెబితే అంత, లేదా పస్తు.

ఇది ఊహ కాదు. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో మన రాష్ట్రంలో ఏం జరిగిందో పత్రికల్లో చదివారు. బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్కు ప్రైవేటు ఆసుపత్రులు పథకం కింద సేవలు ఆపివేశాయి. ఇందులో ఆసుపత్రులదంతా తప్పని నేననను. జీతాలు, కరెంటు, మందుల కంపెనీల బాకీలు వారికీ ఉంటాయి. నెలల తరబడి బిల్లు పాస్ కాకపోతే ఎట్లా ఉంటుందో మనకంటే బాగా తెలిసినవారెవరు? ప్యాకేజీ రేట్లు ఏళ్లకేళ్లు సవరించకపోతే గిట్టుబాటు కాదన్న వారి మాటలోనూ నిజం ఉంది. కాని ఆ రోజుల్లో కార్డు పట్టుకుని వెళ్లిన మనిషికి మిగిలిన దారి ఏది? పెద్దాసుపత్రే. తిట్టుకుంటూ అయినా పోవడానికి అదొకటి ఉండబట్టి సరిపోయింది.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పకతప్పదు. రెండేళ్ల క్రితం మా ఆవిడ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. కార్డు ఉంది కదా అని పట్టణంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లాం. పేరు చెప్పను, మంచీచెడ్డా రెండూ ఉన్నచోటే. ఎక్సరే నిమిషాలమీద తీశారు, నొప్పికి ఇంజెక్షను చేశారు, సిస్టర్లు మర్యాదగా ఉన్నారు. సాయంత్రం కౌంటరు కుర్రవాడు నన్ను పక్కకు పిలిచాడు. "అంకుల్, కార్డుమీద వేసేది మామూలు రాడ్డు. అమ్మగారికి మంచిది వేయించాలంటే తేడా మీరు కట్టుకోవాలి" అన్నాడు. ఎంత అన్నాను. డెబ్భయి వేలన్నాడు. రశీదు ఇస్తారా అన్నాను. "దానికి రశీదు రాదండీ" అన్నాడు. పన్నెండేళ్లు బిల్లులు చూసినవాడికి ఆ మాట వింటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించండి. మా అబ్బాయి కట్టేద్దాం నాన్నా అన్నాడు. ఆవిడ మంచంమీదనుంచే "రశీదు లేని రాడ్డు నాకొద్దు" అంది. ఇన్నేళ్ల కాపురంలో నా ఉద్యోగం ఆమెకు అంటుకున్నదని ఆ రోజే తెలిసింది.

అక్కడినుంచి పెద్దాసుపత్రికి మార్చాం. ఇక అక్కడి సంగతి. ఆపరేషనుకు అయిదో రోజుకు గాని వంతు రాలేదు. ఆ వయసులో తుంటి విరిగిన మనిషిని అయిదు రోజులు పడుకోబెట్టడం మంచిది కాదు, ఎంత తొందరగా చేస్తే అంత మంచిదని డాక్టరుగారే చెప్పారు. థియేటర్లు రెండే, రోడ్డు ప్రమాదాల కేసులు రాత్రింబగళ్లు వస్తూనే ఉన్నాయి. లిఫ్టు ఒకరోజు పనిచేసి ఒకరోజు చేయదు. స్ట్రెచరు నెట్టినవాడికి వంద, మళ్లీ వంద. మరుగుదొడ్డి గురించి ఈ సభలో చెప్పను, భోజనాల వేళ దగ్గరపడింది. ఆపరేషను మాత్రం అద్భుతంగా చేశారు. చేసినాయన ప్రొఫెసరుగారు, రోజుకు అలాంటివి ఎన్నో చేసే చెయ్యి. రాత్రి రెండు గంటలకు పి.జి. కుర్రాడు వచ్చి, "తాతగారూ, మామ్మగారి కాలివేళ్లు కదుపుతున్నారా?" అని అడిగి, తానే చూసి వెళ్లేవాడు. మూడు వారాలకు వాకరు పట్టుకుని నడిచింది. ఇప్పుడు వాకరు కూడా మానేసి నన్ను అదిలిస్తూ తిరుగుతోంది.

దీనినిబట్టి ప్రభుత్వాసుపత్రి గొప్పది, ప్రైవేటు చెడ్డది అని నేను తీర్మానించడం లేదు. అయిదు రోజుల ఆలస్యంలో ఆవిడకు ఏదైనా జరిగి ఉంటే ఈ వేదికమీద వేరే ప్రసంగం చేసి ఉండేవాడిని. నేను గమనించినది ఇంతవరకే: పెద్దాసుపత్రిలో లోపించినవి థియేటరు, లిఫ్టు, నీళ్లు, మనుషులు. వీటిని డబ్బుతో, పర్యవేక్షణతో సరిచేయవచ్చు. డాక్టరు చెయ్యి అక్కడ ఉంది. ఆ చేయిని తయారుచేసేది కూడా అక్కడే. ఇవాళ కార్పొరేటు ఆసుపత్రుల్లో పేరున్న డాక్టర్లలో చాలామంది ప్రభుత్వ వైద్య కళాశాలల్లో, ఆ వరండాల్లో పేదరోగుల మధ్య పని నేర్చుకున్నవారే.

ఈ సందర్భంలోనే మన రాష్ట్రంలో కొత్త వైద్య కళాశాలల విషయం వస్తుంది. పది కళాశాలలను ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో ఇవ్వాలని 2025 సెప్టెంబరులో మంత్రివర్గం నిర్ణయించింది. త్వరగా పూర్తవుతాయని ఒకరు, పేదవాడికి దూరమవుతాయని ఒకరు. మన సంఘానికి రాజకీయాలు లేవు, నేనూ ఆ జోలికి పోను. పింఛనుదారులుగా మనం అడగవలసిన ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. కళాశాలతోపాటు వచ్చే ఆసుపత్రిలో ఓ.పి. చీటీకి డబ్బు ఉంటుందా? పడకల్లో ఎన్ని ఉచితం? ఆ ఉచిత పడకలు నిజంగా ఉచితంగా ఇచ్చారా లేదా అని లెక్క చూసేవారు ఎవరు, ఆ లెక్క ఎక్కడ ప్రకటిస్తారు? అగ్రిమెంటు చదవకుండా అనుకూలమనో ప్రతికూలమనో అనడం గుమాస్తా బుద్ధికి పట్టదు.

ప్రైవేటు అనగానే అంతా ఒకటే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. మన జిల్లాలనుంచి రాత్రి రైలెక్కి వెల్లూరు పోయి వచ్చినవారు ఈ హాలులో పదిమందైనా ఉంటారు. అది ప్రభుత్వానిది కాదు, లాభాపేక్ష ఉన్నదీ కాదు. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యాలయంలో డబ్బున్నవారు కడతారు, లేనివారికి ఉచితం, అదే డాక్టరు, అదే ఆపరేషను. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామిగారు ప్రభుత్వ ఉద్యోగంనుంచి రిటైరయ్యాక 1976లో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. రిటైరయ్యాక ఏం చేస్తాంలెండి అనేవారికి ఈ సంగతి చెబుతుంటాను. అయితే ఇటువంటివి ఎన్ని ఉంటాయి? వేళ్లమీద లెక్కపెట్టగలిగినవాటిని నమ్ముకుని రాష్ట్రానికంతటికీ పద్ధతి రాసుకోలేం.

ప్రభుత్వం ఆసుపత్రి నడపడం, బిల్లు కట్టడం కాక మూడో పని ఒకటుంది. రేటుకు హద్దు గీయడం. 2017 ఫిబ్రవరిలో గుండెకు వేసే స్టెంట్ల ధరకు కేంద్ర ధరల నియంత్రణ సంస్థ పరిమితి పెట్టింది. మందు పూత ఉన్న స్టెంటు అప్పుడు 29,600 రూపాయలకు దిగింది. అంతకుముందు అదే స్టెంటుకు లక్షకు పైన వేసిన బిల్లులు మనం చూశాం. అదే ఏడాది ఆగస్టులో మోకాలి కీళ్ల వంతు. ఎక్కువగా వాడే కోబాల్టు క్రోమియం కీలుకు 54,720 రూపాయలు, పైన పన్ను. తర్వాత ఈ ధరలు కొద్దికొద్దిగా సవరించారు. ఒక్క నోటిఫికేషనుతో అంత తగ్గగలిగినప్పుడు, అంతకుముందు ఆ తేడా ఎవరి జేబులోకి పోయిందో మీరే ఆలోచించండి. మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్యసంస్థల రిజిస్ట్రేషను, నియంత్రణకు 2002లోనే చట్టం వచ్చింది. రేట్ల పట్టిక అందరికీ కనిపించేటట్లు పెట్టాలి. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ బోర్డు ఎక్కడుందో వెతకండి. దొరికితే నాకు చెప్పండి, ఫొటో తీయించి మన పత్రికలో వేద్దాం.

విదేశాల్లో పిల్లలున్నవారు అక్కడి సంగతులు చెబుతుంటారు. ఇంగ్లండులో అరవై దాటినవారికి మందుల చీటీకి డబ్బు లేదు, ఆసుపత్రిలో బిల్లే ఉండదు. కాని వంతు కోసం కాచుకోవాలి. 2023 సెప్టెంబరు నాటికి అక్కడ ముందుగా నిర్ణయించిన చికిత్సల కోసం ఎదురుచూసే కేసులు 77 లక్షలు. అమెరికాలో అరవైయయిదు దాటిన వారి పౌరులకు 1966 నుంచీ ప్రభుత్వ బీమా ఉంది. మనం చూడటానికి వెళితే మాత్రం పరిస్థితి వేరు. ఆరు నెలల బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, వాటికి డాక్టరు చీటీ సూటుకేసులో పచ్చళ్ల పక్కన సర్దుకుని వెళ్లడం, అక్కడ దగ్గు వచ్చినా కోడలికి చెప్పకుండా మింగేయడం మన పింఛనుదార్లందరికీ అనుభవమే. డబ్బు పుష్కలంగా ఉన్న దేశాల్లోనూ ఈ సమస్య పూర్తిగా తీరలేదన్నంతవరకు తెలుసుకుంటే చాలు.

మన దేశం లెక్కకు వస్తే, మొత్తం వైద్యం ఖర్చులో ప్రజలు సొంతంగా జేబునుంచి పెట్టేది 2013-14లో 64 శాతం పైన ఉండేది, 2021-22కు 39 శాతానికి దిగిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. తగ్గింది, సంతోషం. ప్రభుత్వాలన్నీ కలిసి పెట్టే ఖర్చు అదే 2021-22లో జాతీయాదాయంలో 1.84 శాతం. 2025 నాటికి రెండున్నర శాతం చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. మన వయసువారికి ఖర్చంతా ఆసుపత్రి మంచం దగ్గరే ఉండదు. నెలనెలా మాత్రలు, మూణ్ణెల్లకోసారి రక్తపరీక్షలు, ఈ పారే నీళ్లవంటి ఖర్చును పథకాలు చాలావరకు పట్టించుకోవు. జన ఔషధి దుకాణాలు దేశంలో 15 వేలు దాటాయి. డాక్టరుగారిని అడిగి మందు అసలు పేరు రాయించుకుని అక్కడ కొనండి, తేడా మీకే తెలుస్తుంది. తమిళనాడు ప్రభుత్వం 1994లోనే ప్రత్యేక కార్పొరేషను పెట్టి మందులు టోకుగా కొని ఆసుపత్రులకు సరఫరా చేయడం మొదలుపెట్టింది. మందులు కౌంటరులో ఉంటే ప్రభుత్వాసుపత్రికి జనం వస్తారు. ఇది కూడా పెద్ద రహస్యమేమీ కాదు.

ఇప్పుడు కోర్టుల విషయం, సభ్యులకు పనికివస్తుందని చెబుతున్నాను, కునుకు తీస్తున్నవారు లేవాలి. ఒకటి, పశ్చిమ బెంగాలు కేసు. 1992లో రైలునుంచి పడి తలకు దెబ్బతగిలిన ఒక కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకలు లేవని పంపించివేశాయి. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17 వేలు పెట్టి వైద్యం చేయించుకున్నాడు. అత్యవసర వైద్యం నిరాకరించడం జీవించే హక్కుకు భంగమని 1996లో సుప్రీంకోర్టు చెప్పి 25 వేలు ఇప్పించింది. రెండు, 1998 నాటి పంజాబు కేసు. ఏ ప్రభుత్వానికీ అంతులేని వనరులు ఉండవు గనుక రీయింబర్సుమెంటుకు రేటు పరిమితి పెట్టుకోవచ్చని కోర్టు అంగీకరించింది. ఇది మనకు అనుకూలం కాదు, అయినా తెలిసి ఉండాలి. మూడు, 2018 ఏప్రిల్ 13న శివకాంత్ ఝా కేసు. ఆయన రిటైరయిన కేంద్ర అధికారి. అత్యవసరంలో చేరిన ఆసుపత్రి పేరు ప్రభుత్వ జాబితాలో లేదన్న ఒక్క కారణంతో బిల్లు నిరాకరించరాదని, నిజంగా వైద్యం జరిగిందా, దానికి డాక్టర్ల రికార్డు ఉందా అన్నదే చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు సి.జి.హెచ్.ఎస్.కు సంబంధించినది. మన బిల్లు తిరిగివచ్చినప్పుడు కూడా అప్పీలులో ఈ తీర్పును ఉదహరించడం మంచిది.

మెమొరాండంలో ఆ వదిలేసిన పేరా స్థానంలో నా ప్రతిపాదన ఇది. కార్డును ప్రైవేటు ఆసుపత్రులు నిరాకరించకుండా వాటి బకాయిలు గడువులోగా చెల్లించాలని, ప్యాకేజీ రేట్లు కాలానుగుణంగా సవరించాలని, రశీదు లేని వసూళ్లకు శిక్ష ఉండాలని అడుగుదాం. అది మొదటి పక్షంవారి కోరిక. దాని కిందనే, అదే పేరాలో, జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల వార్డు అడుగుదాం. వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం 2010-11లో మొదలయింది. జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకు విడిగా ఓ.పి., పది పడకల వార్డు ఉండాలని అందులోనే ఉంది. మనం కొత్తగా ఏదీ దేబిరించడం లేదు, రాసి ఉన్నదాన్ని అమలు చేయమంటున్నాం. ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో పింఛనుదారుల ప్రతినిధి ఒకరు ఉండాలని కూడా అడుగుదాం. ఖాళీగా ఉన్నవాళ్లం, నెలకోసారి వెళ్లి లిఫ్టు తిరుగుతోందా, నీళ్లు వస్తున్నాయా అని చూసి రిజిస్టరులో రాయడానికి మనకంటే తగినవారెవరు? రిజిస్టరు రాయడం ఒక్కటే కదా జన్మంతా చేశాం.

"రెండూ అడిగితే ఒకటీ ఇవ్వరు" అని ఉపాధ్యక్షులవారు కిందటిసారి అన్నారు. వారి అనుభవం పెద్దది. అయినా ఒకటే అడిగిన సంవత్సరాల్లో మనకు ఎన్ని ఇచ్చారో వారే ఫైలు తీసి చూడవలసిందిగా మనవి.

చివరగా ఆఫీసు పని. డెబ్భయి దాటినవారు ఆధార్ కార్డు వెంట తెచ్చుకొని ఉంటే మధ్యాహ్నం మన గదిలో కుర్రాళ్లు ఆయుష్మాన్ వయోవందన కార్డు వివరాలు చూసిపెడతారు. ఇది 2024 అక్టోబరు 29న మొదలయింది, ఆదాయంతో నిమిత్తం లేదు. సి.జి.హెచ్.ఎస్. ఉన్న కేంద్ర పింఛనుదారులు మాత్రం రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి, తొందరపడి వేలిముద్ర వేయవద్దు, ముందు అడగండి. మెడికల్ బిల్లులు పెండింగులో ఉన్నవారు డిశ్చార్జి సమ్మరీ, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, ఎమర్జెన్సీ అయితే ఆ సర్టిఫికెట్, అసలు రశీదులు అన్నీ రెండేసి జిరాక్సులు తీసి నాకు చూపించండి. డిశ్చార్జి అయిన ఆరు నెలల్లోపల బిల్లు పెట్టాలన్నది మరచిపోవద్దు. ప్రతి మంగళవారం పది నుంచి ఒంటిగంట వరకు సంఘం గదిలోనే ఉంటాను. కళ్లజోడు తెచ్చుకోండి, కిందటిసారి నాది అందరూ పంచుకున్నారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. షుగరు ఉన్నవారిని ఇంతకుమించి భోజనాలకు ఆపడం న్యాయం కాదు.